ఒక్క అనాస, పన్నెండు గ్లాసులు

మా ఇంట్లో 'జ్యూస్' అనే మాట చాలాకాలం వాడుకలో లేదు. అనాస నీళ్ళు అనేవాళ్ళం. ఒక్క పండుతో పన్నెండు గ్లాసులు నింపాక దాన్ని రసం అనడానికి నోరెలా వస్తుంది? నీళ్ళే.

ఆ నీళ్ళంటే చిన్నప్పుడు నాకు నామోషీగా ఉండేది. ఎదురింటివాళ్ళు మిక్సీ కొన్న కొత్తలో ఒకసారి నన్ను పిలిచి పైనాపిల్ జ్యూస్ ఇచ్చారు. పసుప్పచ్చగా, చిక్కగా, పైన వేలెడు నురగతో ఉంది. గ్లాసు వంచితే జారడానికి కూడా బద్ధకించేంత చిక్కదనం. ఇంటికొచ్చి మామ్మతో చెప్పాను, జ్యూస్ అంటే అదీ అని. మామ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"తాగేక దాహం తీరిందేటి?"

తీరలేదు. గుమ్మంలోకి రాగానే కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగాను. అది చూసే అడిగింది ఆవిడ.

1987, 88 ప్రాంతపు సంగతి. మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. నాన్న పోర్టులో పనిచేసేవారు. పెంకుటిల్లు, వెనక నుయ్యి, నూతి పక్కన పనసచెట్టు. మామ్మ, తాత, అమ్మ, నాన్న, చిన్నాన్న, పిన్ని, వాళ్ళ ఇద్దరు పిల్లలు, అప్ప (మా అక్క), నేను కలిపి పదిమందిమి. వేసవి సెలవులకొచ్చి, బళ్ళు తెరిచినా వెళ్ళని అత్త పదకొండు. పన్నెండో గ్లాసు ఎవరో ఒకరికని మామ్మ పక్కన పెట్టేది. ఆ ఎవరో ఒకరు నూటికి తొంభైసార్లు వీధి కుళాయి దగ్గర మామ్మతో దెబ్బలాడే ఆవిడే. పొద్దున్న బిందెల దగ్గర తిట్టుకోవడం, మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని అనాస నీళ్ళు తాగడం.

సింహాచలం కొండవాలుల్లో పండే అనాసపండ్లు జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక మొదలయ్యేవి. అడవివరం వైపు నుంచి ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి వచ్చేవారు. కేక వినపడకముందే వాసన వచ్చేది. పండు ఎంచడంలో మామ్మని మోసం చెయ్యడం ఎవరివల్లా కాలేదు. పైన పిలకని చూసేది కాదు, రంగునీ పెద్దగా పట్టించుకునేది కాదు. పండుని తిరగేసి అడుగు భాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేది. అనాస అడుగునుంచి పైకి పండుతుంది కాబట్టి వాసనైనా తీపైనా ముందు అక్కడే. ఆ వాసనలో కొంచెం పులిసిన ఛాయ ఉంటే గంపలో పెట్టేసేది. లేకపోతే బేరం మొదలు.

కొన్న పండుని పిలక కిందికి వచ్చేలా గోడవార బోర్లించేది. అడుగున ఉన్న తీపి పండంతా దిగుతుందట. కోసిన అనాసలో తీపి పెరగదని తరవాత ఎప్పుడో చదివాను. మామిడికాయని గడ్డిలో మాగబెట్టినట్టు దీన్ని మాగబెట్టడం కుదరదు, చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే. అయినా ఇప్పటికీ పండు తెస్తే బోర్లించే పెడతాను. అలవాటు.

ఇంకో సంగతి చదివి వెళ్ళి మామ్మకి చెప్పాను. అనాస మన పండు కాదు, దక్షిణ అమెరికాది, పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చారు, 'అనాస' అన్న పేరు కూడా అక్కడి వాళ్ళ మాట నుంచి వచ్చిందే అని. మామ్మ నమ్మలేదు. "అప్పన్న కొండ మీద పండే పండు పరాయిదెలాగౌతాదిరా? ఎవుడో రాసీసినాడని సదివీడమేనా?" అంది. నేను పుస్తకం తెచ్చి చూపించాను. ఆవిడకి చదవడం రాదు. వాదన అక్కడితో ఆగిపోయింది, గెలిచింది మాత్రం ఆవిడే.

ఇక కొయ్యడం. ముందు పండుని నూతి దగ్గర కొబ్బరిపీచుతో తోమాలి, కళ్ళ సందుల్లో మట్టి పోయేదాకా. అది నా పని. తొక్క పారేసే ఇళ్ళలో ఇంత తోమక్కర్లేదు. మాకు తొక్కే అసలు సరుకు. తోమాక పిలకని రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే టప్పున ఊడొచ్చేది. మామ్మ కత్తిపీట వాల్చుకుని కూర్చుని తొక్కని పల్చగా, నిలువుగా తీసేది. తొక్క పల్చగా తీస్తే కళ్ళు లోపలే ఉండిపోతాయి. వాటికోసం ఏటవాలుగా, పండు చుట్టూ మెట్లు తిరిగినట్టు గాడి తీసేది. అలా తీస్తే కండ తక్కువ పోతుంది. అనాస కళ్ళు వాలుగా వరసలు కట్టి ఉంటాయి. ఒకవైపు వాలుకి లెక్కపెడితే 8 వరసలు, రెండోవైపు వాలుకి 13. అప్ప, నేను పందెం వేసుకుని లెక్కపెట్టేవాళ్ళం. ఎన్ని పండ్లు లెక్కపెట్టినా దాదాపు ఎప్పుడూ అవే అంకెలు వచ్చేవి. దేవుడికి లెక్కలొచ్చని తాత అనేవాడు.

తొక్కలు, కళ్ళు తీసిన గాడి ముక్కలు అన్నీ గిన్నెలో వేసి, మునిగేలా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టేది. అందులో చితక్కొట్టిన అల్లం, నాలుగు మిరియాలు. పావుగంట మరిగాక అనకాపల్లి బెల్లం గడ్డ ఒకటి. తెల్లగా మెరిసే బెల్లం మామ్మకి పనికొచ్చేది కాదు, ముదురు రంగుది కావాలి. అది కరుగుతుంటే ఇల్లంతా వచ్చే వాసన గురించి రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. నాకు రాదు. అది తెలిసినవాళ్ళకి తెలుసు.

పచ్చి రసం వేరే సంగతి. మెత్తటి కండని ముక్కలు చేసి రాచిప్పలో వేసి చేత్తో పిసికేది. ఇత్తడి గిన్నె జోలికి వెళ్ళేది కాదు, పులుపు తగిలితే చిలుము దిగుతుందని. నడుమ ఉండే గట్టి కాడని తురమడానికి ఒక పరికరం ఉండేది, డాల్డా డబ్బా మూతకి మేకుతో చిల్లులు పొడిచి తాత చేసింది. దాని మీద కాడని తురిమి, పిసికిన కండతో కలిపి, ఉతికిన పాత పంచె ముక్కలో మూటకట్టి పిండేది. కిలోన్నర పండుకి అర లీటరు దాకా వచ్చేది. చల్లారిన తొక్కల నీళ్ళు వడకట్టి ఆ అర లీటరూ అందులో కలపాలి. ఆఖర్న రాళ్ళుప్పు. చిటికెడు అనుకునేరు, గుప్పిట్లో సగం. మామ్మ పక్కింటికి వెళ్ళినప్పుడు ఒకటి రెండుసార్లు నేను కలిపాను. నాలిక్కి తగలగానే ఆవిడకి తెలిసిపోయేది. "నీ సేతికి ఉప్పంటే బయిం రా," అనేది.

ఫ్రిజ్ లేదు. మట్టి కుండ ఉంది గానీ విశాఖ ఉక్కలో కుండ కూడా అంతంతమాత్రంగానే చల్లబడుతుంది. చెమటే ఆరని ఊళ్ళో కుండ మీద తడి ఎక్కడ ఆరుతుంది? అందుకని అనాస నీళ్ళని పాల క్యానులో పోసి, మూతకి గుడ్డ బిగించి, చేంతాడుతో నూతిలోకి దింపేవాళ్ళం. క్యాను సగం నీళ్ళలో, సగం పైన. గంటన్నర. ఆ గంటన్నరలో నూతి గట్టు మీదకి వంగి తాడు కదిపి చూడ్డం, అమ్మ లోపలినుంచి కేకెయ్యడం ఎన్నిసార్లో.

పిండిన పిప్పి కూడా వృథా పోయేది కాదు. కొంత సాయంత్రం చారులోకి, మిగతాది పక్కవాళ్ళ ఆవుకి. అందరికీ గ్లాసులు పోశాక, ఆ పిప్పి మీదే ఇంకో చెంబుడు నీళ్ళు పోసి పిసికి, వడకట్టుకుని మామ్మ తాగేది. తన గ్లాసు పిల్లల్లో ఎవరికో వెళ్ళిపోయేది. ఒకసారి ఆ ఆఖరి నీళ్ళు లాక్కుని రుచి చూశాను. తీపి లేదు, పులుపు లేదు, ఒట్టి వాసన. ఇదెందుకు తాగుతావు మామ్మా అంటే, పచ్చి రసానికి తన నోరు పూస్తుందని చెప్పింది. అది నిజమే కావచ్చు, మా కోసం కట్టిన కథే కావచ్చు.

నోరు పూయడం మాత్రం అనాసకి ఉన్న గుణమే. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. మనం అనాసని తింటుంటే అదీ మన నాలికని కాస్త కొరుకుతుందన్నమాట. నడిమి కాడలో మరీ ఎక్కువ. మరిగిస్తే దాని పని అయిపోతుంది. తొక్కలు మరిగించడంలో, కాడని మాత్రం పచ్చిగానే తురిమినా అన్ని నీళ్ళతో పలచన చెయ్యడంలో మామ్మ ఇదేమీ చదువుకుని చెయ్యలేదు. నేను మాత్రం ఈ బ్రోమెలైన్‌ని పేరు తెలియకముందే దెబ్బ తిని నేర్చుకున్నాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా. జ్యూస్ షాపులో మిల్క్ షేక్ అని బోర్డు చూశాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సాయంత్రం కాఫీకి ఉంచిన అర లీటరు పాలు, సగం అనాస, పంచదార పట్టుకుని ఎదురింటికి వెళ్ళి మిక్సీ వేయించుకొచ్చాను. మొదటి గుక్క అద్భుతం. మిగతాది అందరికీ చూపించాలని దాచాను. అందరూ వచ్చి గ్లాసులు పట్టుకునేసరికి పాలు విరిగి, నోట్లో పెట్టుకుంటే వేపాకు నమిలినట్టు చేదు. నాన్న ఒక్క గుక్కకే గ్లాసు కింద పెట్టి కాఫీ ఏదీ అని అడిగారు. కాఫీకి పాలేవి?

"పాలకీ అనాసకీ పడదురా నాయనా," అంది మామ్మ. "అత్తాకోడళ్ళలాగ," అని అమ్మ వంటింట్లోంచి మెల్లిగా అందించింది. పాలతో కలపాలనుంటే అనాసని ముందు పంచదారతో ఉడికించాలని ఆ రోజే తెలిసింది. ఉడికితే చేదెక్కదు. తిట్లు పడ్డాయి గానీ, మామ్మ నవ్విన నవ్వు ముందు అవి లెక్కలోవి కావు.

ఇంకోసారి మిగిలిన అనాస నీళ్ళని సీసాలో పోసి బిరడా బిగించి అటక మీద పెట్టి మరిచిపోయాను. మూడోనాడు టప్‌మని బిరడా ఎగిరి పెంకులకి తగిలింది. సీసాలో మిగిలినదాన్ని తాత ఎవరికీ తెలియకుండా తాగాడు. కొండ మీది కల్లుకి తీసిపోదని ఆ తరవాత పదేళ్ళు చెప్పుకున్నాడు.

తుంచిన పిలకని నేనొకసారి నూతి పక్కన పాతాను. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. ఏడాది గడిచింది, ఆకులే. పిలక వేసిన అనాస కాపుకి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుందని గంప ఆవిడ చెప్పింది. మాది రెండేళ్ళు దాటాక పిడికిలంత పండు కాసింది. అది కోసిన రోజు కూడా మామ్మ పన్నెండు గ్లాసులే చేసింది. అనాస పేరు చెప్పుకుని బెల్లం నీళ్ళు తాగాం.

అప్ప నీళ్ళోసుకుని పుట్టింటికొచ్చిన ఏడాది మాత్రం ఇంట్లోకి అనాస రానివ్వలేదు. వేడి చేస్తుందని మామ్మ భయం. అప్పకేమో దాని మీదే మనసు. మామూలుగా తినేంత తింటే ఏం కాదని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పినా మామ్మ ఒప్పుకోలేదు. ఆఖరికి అమ్మే ఎదురింట్లో తొక్కలు కాయించి చెంబుతో తెచ్చి కొంగు చాటున ఇచ్చింది. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. దానికి అనాస వాసన పడదు.

ఇవన్నీ ఇంటి ముచ్చట్లు. అనాస నీళ్ళకి అసలు పండగ ఆషాఢంలో వచ్చేది, గిరి ప్రదక్షిణ నాడు.

తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఆషాఢ పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం నుంచి జనం సింహాచలం కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకి వచ్చి, అప్పూఘర్ దాటి, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, ప్రహ్లాదపురం చుట్టి మళ్ళీ కొండ దగ్గరికి చేరతారు. 32 కిలోమీటర్లు. ఎక్కువమంది చెప్పుల్లేకుండానే. ఇప్పటంత జనం అప్పట్లో లేరు గానీ రాత్రంతా రోడ్డు ఖాళీగా ఉండేది కాదు. మొదట్లో ఉన్న ఊళ్ళవాళ్ళకి నడిచేవాళ్ళు హుషారుగా, గోవింద కొట్టుకుంటూ కనిపిస్తారు. మాది ఆఖరి మజిలీ. మా దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వాచి, గొంతులు పోయి, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని వచ్చేవారు.

ఆరోజుకి రెండు గంపల పండ్లు తెప్పించేవారు. పొద్దుటినుంచి ఇంట్లో ఆడవాళ్ళందరికీ అదే పని. సాయంత్రానికి వేళ్ళు మంటలు, నాలుకలు మంటలు. రెండు బిందెలు వీధి చివర రోడ్డు పక్కన బల్ల మీద పెట్టి, చెట్టుకి లాంతరు కట్టి మామ్మ కూర్చునేది. నేను గ్లాసులు కడిగేవాణ్ణి. ఆరోజు మామూలుకంటే పల్చన, మామూలుకంటే ఉప్పు. కొంచెం చిక్కగా ఇద్దామని నేనంటే, "రాత్రంతా నడిసినోళ్ళకి సిక్కగా పోస్తే గొంతు దిగుతాదేటి?" అని కసిరింది.

లాంతరు వెలుగులో రంగు కనిపించేది కాదు. అందరూ మజ్జిగే అనుకుని ఎత్తేవారు. ఒక గుక్క మింగి ఆగి, గ్లాసులోకి చూసేవారు. ఆ ఆగడం కోసమే నేను నిద్ర ఆపుకుని కూర్చునేవాణ్ణి. ఒకావిడ మూడు గ్లాసులు తాగి, నాలుగోది తీసుకుని కాళ్ళ మీద పోసుకుంది. ఇంకోసారి శ్రీకాకుళం నుంచి వచ్చిన ముసలాయన ఒకరు మా బల్ల పక్కనే పడుకుని తెల్లారేదాకా లేవలేదు. తాత ఆయన మీద దుప్పటి కప్పి, ఎక్కడ తొక్కేస్తారోనని పక్కనే కాపలా కూర్చున్నాడు.

ఒక ఏడు అర్ధరాత్రి దాటాక జోరున వాన. వచ్చేవాళ్ళు గజగజా వణుకుతున్నారు, చల్లటి నీళ్ళు ఎవరికి కావాలి? రెండు బిందెలూ నిండుగా ఉన్నాయి. మేమంతా మొహాలు వేలాడేసుకుని ఉంటే మామ్మ ఒక బిందె లోపలికి మోయించి, పొయ్యి మీదికి ఎక్కించి, ఇంకో గుప్పెడు మిరియాలు దంచి పోసింది. వేడివేడిగా గ్లాసుల్లో పోసి ఇచ్చాం. తెల్లారేసరికి బిందె ఖాళీ. పండు గొప్పదా, పోసే చెయ్యి గొప్పదా అని తాత మామ్మని ఏడిపించడానికి ఏదో అనబోతే, "ముందు ఆ బిందె తోమించండి" అంది.

మామ్మ 1999లో పోయింది. ఆ తరవాత ఇల్లు అమ్మేశారు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి పనసచెట్టు కూడా పడిపోయిందని కొన్నవాళ్ళే ఫోన్ చేసి చెప్పారు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇక్కడ నాకు దొరికేవి ఎక్కువగా కేరళ నుంచి వచ్చే పండ్లు, మంచి తీపి. ఇంట్లో రెండు రకాల మిక్సీలున్నాయి. మిక్సీలో వేస్తే గాలి కలిసి నురగ తేలుతుంది, ఆ నురగలో ఏదో వగరు. కాసేపు కదపకుండా ఉంచి నురగ తీసేస్తే కొంత నయం. మా ఆవిడది రాజమండ్రి వైపు, ఆవిడకి జ్యూస్ చిక్కగా ఉండాలి. నాకోసం నేను స్టీలు తురుము మీద తురుముకుంటాను, తొక్కల్ని ఉప్పు నీళ్ళలో నానబెట్టి కడిగి మరిగిస్తాను. బాగానే ఉంటుంది. మామ్మ చేసినట్టు మాత్రం రాదు. అదేమిటో అని చాలా ఏళ్ళు బెల్లాన్ని అనుమానించాను.

అప్ప ప్రహ్లాదపురంలో ఉంటుంది. గిరి ప్రదక్షిణకి ఇప్పటికీ గేటు ముందు బల్ల వేసి రెండు బిందెలు పెడుతుంది. పోయిన ఆషాఢంలో సెలవు పెట్టి వెళ్ళాను. ఈసారి నేను కలుపుతానని పంతం పట్టాను. లాంతరు లేదు, ఎల్‌ఈడీ దీపాలు, రంగు బాగా కనిపిస్తోంది. మజ్జిగ అని ఎవరూ పొరబడటం లేదు. తెల్లవారుజామున మూడింటికి ఒకావిడ వచ్చింది, అరవై దాటి ఉంటాయి, చెప్పుల్లేవు, నుదుట చందనం చెమటకి కారిపోయి ఉంది. రెండు గ్లాసులు ఆగకుండా తాగింది. మూతి తుడుచుకుని గ్లాసు నా చేతికిచ్చింది.

"సల్లగా ఉంది నాయనా. ఉప్పే ఒక రవ్వ తగ్గినాది."

అప్ప అటు తిరిగి నవ్వుకుంటోంది. నేను లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను.